పన్నెండు నిమిషాల పటం

[జర్నలిజం విద్యార్థులకు, తెలుగులో వీడియో ఛానెళ్లు నడుపుతున్నవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం. తెర మీద చూపిన పటాల వివరాలు ఇలా బ్రాకెట్లలో ఉన్నాయి.]

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక పటం పెడతాను, చూడండి.

[తెర: బడి గోడకు వేలాడే తరహా ప్రపంచ పటం. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీసినట్టు ఒక ఎర్ర గీత. ఆ గీతకు చాలా పైన మగదాన్ అని ఒక చుక్క.]

2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో బయల్దేరిన ఎయిరిండియా విమానం ఒక ఇంజన్‌లో ఇబ్బంది వచ్చి రష్యాలోని మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు. శాన్ ఫ్రాన్సిస్కో అంటే తెలుగువాళ్లకు పక్క ఊరు లాంటిదే, కాబట్టి ఆ రెండు రోజులూ మన ఇళ్లలో ఈ వార్త బాగా నలిగింది. ఈ పటం చూసినవాడికి వచ్చే మొదటి ప్రశ్న ఏమిటి? "మధ్యలో చైనా ఉంది, జపాన్ ఉంది, అంత పైకి సైబీరియాకు ఎందుకు పోయాడు?"

ఇప్పుడు ఇది చూడండి.

[తెర: గ్లోబును ఉత్తర ధ్రువం వైపు నుంచి చూస్తున్నట్టు పటం. ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య బిగించి పట్టిన దారంలా ఒక గీత.]

గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగిస్తే అది సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది. గాలివాటం చూసుకుని విమానాలు ఆ దారం నుంచి దక్షిణానికి జరుగుతాయి. జరిగినా రష్యా తూర్పు కొస దాని దారిలోనిదే. మగదాన్ దారి తప్పిన చోటు కాదు, దారిలో ఉన్న చోటు. ఇక మూడో పొర వేస్తాను. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. మన విమానాలకు మూసుకోలేదు. అందుకే అమెరికా పౌరులు కూడా ఉన్న విమానం రష్యా నేల మీద దిగిందని అమెరికా విదేశాంగ శాఖ మాట్లాడాల్సి వచ్చింది. ఇంజన్ ఆయిల్ గొడవ కాస్తా పటం మీద జియోపాలిటిక్స్ అయింది.

నేను ఈ రోజు చెప్పబోయేది దీని గురించే. పటాన్ని మాటల పక్కన అలంకారంగా పెట్టడం వేరు, పటంతోనే వాదన నడపడం వేరు. రెండో పనిని ముప్పై ఏళ్లకు పైగా చేస్తున్న టీవీ కార్యక్రమం ఒకటుంది. అది ఎలా తయారవుతుందో, అలాంటిది తెలుగులో చేయాలంటే ఏయే చోట్ల కాలు జారుతుందో చూద్దాం.

దాని పేరు 'లె దెసు దె కార్త్'. ఫ్రెంచ్‌లో 'కార్త్' అంటే పటమూ అవుతుంది, పేకముక్కా అవుతుంది. పేరుకు అర్థం: ముక్క అడుగున ఏముందో. అంటే పైకి కనిపించని ఆట. జర్మన్‌లో దీని పేరు 'మిట్ ఆఫెనెన్ కార్టెన్', ముక్కలు విప్పి పరిచి ఆడటం. ఫ్రెంచివాడు ముక్క మూసి పెడితే జర్మన్‌వాడు తెరిచి పెట్టాడు, సామెత మాత్రం రెండు భాషల్లోనూ కుదిరింది. తెలుగులో 'పటం' అంటే దేవుడి పటం కూడా అవుతుంది కాబట్టి మనకు ఈ చమత్కారం రాదు. పటాన్ని ప్రశ్నించకుండా దండం పెట్టే అలవాటు మాత్రం ఉంది.

1990లో ఝాన్ క్రిస్టోఫ్ విక్టర్ దీన్ని మొదలుపెట్టారు. గ్రీన్‌లాండ్ మంచులో తిరిగిన ధ్రువ యాత్రికుడు పాల్ ఎమీల్ విక్టర్ కొడుకాయన. 1992 మే 30న ఆర్తే అనే ఫ్రెంచ్-జర్మన్ ఉమ్మడి ఛానెల్ ప్రసారాలు మొదలయ్యాయి, దాని కార్యాలయం స్ట్రాస్‌బుర్గ్‌లో. ఈ కార్యక్రమం ఆ ఛానెల్‌కు గుర్తింపుగా మారింది. పటాల పని కోసం విక్టర్, వర్జినీ రెసోఁ కలిసి లెపాక్ అనే పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. 2016 డిసెంబర్‌లో ఆయన చనిపోయాక, 2017 నుంచి ఎమిలీ ఒబ్రీ నడుపుతున్నారు. నిడివి పన్నెండు నిమిషాలు అటూ ఇటూ. విక్టర్ కాలంలో తెర మీద ఉండేవి రెండే: ఆయన, పటం. చర్చకు నలుగురిని కూర్చోబెట్టడం లేదు, అరుపులు లేవు.

ఇలా పటంతో వాదించే పద్ధతికి ఫ్రాన్స్‌లో మరో మూలం కూడా ఉంది. 1972లో అమెరికా విమానాలు ఉత్తర వియత్నాంలో ఎర్రనది గట్ల మీద బాంబులు వేస్తున్నాయని ఆరోపణ వచ్చింది. అవి గురి తప్పి పడ్డవని అమెరికా జవాబు. ఈవ్ లకోస్త్ అనే భూగోళ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి, బాంబులు పడ్డ చోట్లను పటం మీద గుర్తించారు. ఆ చుక్కలు డెల్టా అంతా చెల్లాచెదురుగా లేవు. నది మట్టం కంటే ఊళ్లు పల్లంగా ఉండే తూర్పు భాగంలోనే గుమిగూడాయి. గోదావరి ఏటిగట్టు పక్కన ఉండేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. వరద రోజుల్లో గట్టెక్కి చూస్తే ఇటు ఊరు కింద, అటు నీళ్లు పైన. అక్కడ గట్టు తెగితే ఏమవుతుందో తెలుసు. ఒక్కో బాంబు గురించి విడిగా వాదిస్తే ఎప్పటికీ తేలదు. చుక్కలన్నీ ఒక పటం మీద, ఎత్తు పల్లాల పొర పైన పెట్టగానే తేలింది.

సరే, తయారీకి వద్దాం.

మొట్టమొదట కావలసింది పటం కాదు, ఒక ప్రశ్న. "అండమాన్ నికోబార్ దీవులు" అనేది విషయం మాత్రమే. "ఎక్కడో మూలనున్న దీవుల మీద ఢిల్లీకి ఇప్పుడెందుకు ఇంత పట్టింపు?" అనేది ప్రశ్న. ప్రశ్న 'ఎక్కడ' అన్న మాట చుట్టూ తిరగాలి. తిరగకపోతే దానికి పటం అవసరం లేదు. 'రూపాయి ఎందుకు పడిపోతోంది' అన్నదానికి పటం పెడితే అది వాల్‌పేపరే.

తర్వాత రాత. కాగితాన్ని నిలువునా రెండు చేసుకోండి. ఎడమ పక్క గొంతు చెప్పేది, కుడి పక్క పటం మీద జరిగేది. ఒక వరుసలో ఒకే కదలిక. గుర్తు పుట్టడం, రంగు మారడం, దగ్గరికి జరగడం, వీటిలో ఏదో ఒక్కటి. మనం తెలుగులో నిమిషానికి 100 నుంచి 110 మాటలు చెబితే వినేవాడికి హాయిగా ఉంటుంది. అంతకు మించితే అది క్రికెట్ కామెంటరీ. ఆ లెక్కన పన్నెండు నిమిషాలకు 1,200 మాటలు, పన్నెండు నుంచి పదిహేను పటాలు. ఒక పటం మీద ఐదు కదలికలు దాటితే దాన్ని రెండుగా విరగ్గొట్టండి. ఆఖరి గుర్తు తెర మీదికి వచ్చాక కనీసం నాలుగు సెకన్లు గొంతు ఆగాలి. కొత్తవాళ్లు భయపడేది ఇక్కడే. ఖాళీ వస్తే జనం ఛానెల్ మార్చేస్తారని ఆ నాలుగు సెకన్లలో ఇంకో వాక్యం దూరుస్తారు. కన్ను పటాన్ని చదువుతున్నప్పుడు చెవి మూసుకుపోతుంది. రెండూ పోతాయి.

ఇక అసలు చిక్కు, ప్రొజెక్షన్, అంటే గుండ్రని భూమిని చదునైన పటంలోకి దించే పద్ధతి. నారింజ తొక్కను బల్ల మీద పరిస్తే ఎక్కడో ఒక చోట చిరగాలి, లేదా సాగాలి. మెర్కేటర్ అనే పటాల నిపుణుడు 1569లో వేసిన పద్ధతిలో ధ్రువాల వైపు పోయేకొద్దీ సాగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెండింతలు, వైశాల్యం నాలుగింతలు కనిపిస్తుంది. మన హైదరాబాద్ దగ్గర వైశాల్యం పది శాతం పెరుగుతుంది, అంతే. మాస్కో దగ్గర మూడింతలు దాటుతుంది. ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో సమానంగా ఉంటుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. గ్రీన్‌లాండ్ 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు, భారతదేశం 32 లక్షల 87 వేలు. మన దేశం పెద్దదని ఆ పటం చూసి ఎవరూ అనుకోరు.

మెర్కేటర్‌ను తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది గానీ, ఆయన దాన్ని ఓడ నడిపేవాడి కోసం గీశాడు. దిక్సూచి కోణం మారకుండా సూటిగా గీత గీసుకోవడానికి. ఆ పనికి అది ఇప్పటికీ దివ్యంగా ఉంటుంది. తప్పు దాన్ని బడి గోడకు కొట్టినవాళ్లది. దేశాల పరిమాణం పోల్చే కథయితే సమ వైశాల్య పటం తీసుకోండి. 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ చూడ్డానికి కూడా బాగుంటుంది. ఒక్క భారతదేశమే చూపాలంటే శంకువు తరహా, లాంబర్ట్ పద్ధతి, 80 డిగ్రీల రేఖాంశాన్ని మధ్యలో పెట్టుకుని. ఆ రేఖ మన నెల్లూరును ఒరుసుకుంటూ పోతుంది.

దూరం, పరిధి చూపే కథ వచ్చిందా, అక్కడ ఇంకా జాగ్రత్త. 2003లో బ్రిటన్‌లో పేరున్న ఒక వారపత్రిక ఉత్తర కొరియా క్షిపణుల పరిధిని మెర్కేటర్ పటం మీద గుండ్రని వలయాలుగా గీసి అచ్చువేసింది. భూమి గుండ్రంగా ఉన్నప్పుడు, ఆ పటం మీద ఆ వలయాలు గుండ్రంగా రావు, ఉత్తరానికి విచ్చుకుంటాయి. పాఠకులు పట్టుకున్నారు, అదే నెలలో సవరించి మళ్లీ వేశారు. సవరించిన పటంలో ముప్పు కిందికి వచ్చే ప్రాంతం చాలా ఎక్కువ. అది కాస్త అందం చెడటం కాదు, వార్తే తారుమారు కావడం.

మన దగ్గర అగ్ని-5 వార్త వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. 5,000 కిలోమీటర్లు అనగానే కంపాస్ తీసినట్టు ఒక వలయం గీసేస్తారు. సరైన పద్ధతి చెబుతాను. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ప్రయోగించే చోటును కేంద్రంగా పెట్టి ఏజిముతల్ ఈక్విడిస్టెంట్ ప్రొజెక్షన్ తయారుచేసుకోండి. అందులో ఆ కేంద్రం నుంచి ఎటు కొలిచినా దూరం నిజం. వలయం అందులో గీయండి. తర్వాత దాన్ని మీకు కావలసిన ప్రొజెక్షన్‌లోకి మార్చండి. నేరుగా మామూలు పటం మీద బఫర్, అంటే ఒక బిందువు చుట్టూ ఇంత దూరమని వలయం, కొడితే ఏమవుతుందంటే, పొర కొలతలు డిగ్రీల్లో ఉంటే సాఫ్ట్‌వేర్ మీ 5,000ను 5,000 డిగ్రీలు అనుకుంటుంది. తెర మొత్తం ఒకే రంగు. అది నయం, తప్పు కళ్లకు కనిపిస్తుంది. కొందరు తెలివిగా 45 డిగ్రీలు అని లెక్కకట్టి కొడతారు. అది చూడ్డానికి ఒప్పులా ఉండే తప్పు, అది ప్రమాదం.

విమాన మార్గం కూడా ఇంతే. ఢిల్లీని కేంద్రంగా పెట్టుకున్న పటంలో సూటి గీత గీసి, దాని పొడవునా వంద కిలోమీటర్లకు ఒక బిందువు చేర్చి, అప్పుడు ప్రొజెక్షన్ మార్చాలి. రెండు చివర్లే ఉన్న గీతను మారిస్తే అది సూటిగానే ఉండిపోతుంది. వంగడానికి దానికి మధ్యలో కీళ్లు ఉండాలి కదా. ఇంకొకటి, 180 డిగ్రీల రేఖ. రష్యా తూర్పు కొస ఆ రేఖ దాటి అవతలికి పోతుంది. ఆ రేఖ అంచుగా ఉండే మామూలు పటం వేస్తే, ఒక్కోసారి రష్యా నుంచి తెర ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా ఒక గీత పడుతుంది. ఆ రేఖ దగ్గర పొరను ముందే కోసి పెట్టుకుంటే పోతుంది.

పొరలు, అంటే తీర రేఖలు, సరిహద్దులు లాంటివి విడివిడిగా ఉండే పటం ఫైళ్లు, ఎక్కడ దొరుకుతాయి? నేచురల్ ఎర్త్ అని ఉచితంగా ఉంది, మూడు స్కేళ్లలో: కోటికి ఒకటి, ఐదు కోట్లకు ఒకటి, పదకొండు కోట్లకు ఒకటి. ప్రపంచం మొత్తం చూపేటప్పుడు మధ్యది చాలు. అతి వివరం ఉన్న తీర రేఖను చిన్న పటంలో వాడితే నార్వే బొచ్చు పట్టినట్టు కనిపిస్తుంది. అందులో దేశాల పేర్లు హిందీ, బెంగాలీ, ఉర్దూల్లో ఉన్నాయి, తెలుగు లేదు. పేర్ల పట్టిక మనమే కట్టుకోవాలి. ఒకసారి కడితే ఎప్పటికీ పనికొస్తుంది. ఉపగ్రహ చిత్రాలకు మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వాళ్ల భువన్ వెబ్‌సైట్ ఉంది.

పొర తేదీ చూడకుండా వాడొద్దు. 2014కు ముందు చేసిన ఫైలులో తెలంగాణ ఉండదు, అది అందరూ పట్టుకుంటారు. పట్టుకోలేనిది ఇది: రాష్ట్రం విడిపోయాక చేసిన కొన్ని ఫైళ్లలో కూడా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉంటాయి. పోలవరం ముంపు గురించి కథ చేస్తూ ఆ ఫైలు వాడితే కథ పునాదే తప్పు. యానాం చిన్న స్కేలులో మాయమవుతుంది. అది పుదుచ్చేరిలో భాగమని గుర్తుపెట్టుకుని చేత్తో పెట్టాలి. లేకపోవడం కూడా వార్త అవుతుందని మనకు బాగా తెలుసు. 2019 నవంబర్‌లో జమ్మూ కశ్మీర్, లదాఖ్ విడదీసి కేంద్రం కొత్త రాజకీయ పటం విడుదల చేసింది. అందులో అమరావతి లేదు. పార్లమెంటులో అడిగారు, అదే నెలలో సవరించిన పటం వచ్చింది. ఒక చుక్క, ఒక పేరు, అంతే. దాని కోసం రాష్ట్రమంతా చర్చ.

ఇక సరిహద్దులు. ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెబుతాను. ఆర్తే వాళ్లు కశ్మీర్‌ను చుక్కల గీతలతో చూపగలరు, వాళ్లు స్ట్రాస్‌బుర్గ్‌లో ఉన్నారు. మనం ఇక్కడ ఉన్నాం. 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం, సర్వే ఆఫ్ ఇండియా పటాలతో సరిపోలని రీతిలో దేశ సరిహద్దు చూపితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2015 ఏప్రిల్‌లో తప్పుడు పటాలు చూపిందని అల్ జజీరాను మన దేశంలో ఐదు రోజులు ఆపేశారు. నేచురల్ ఎర్త్ మామూలు ఫైలు నేల మీద ఎవరి అదుపులో ఏముందో దాన్ని చూపుతుంది. కాబట్టి దించగానే వాడితే చిక్కే. అందులోనే 'భారత్ దృష్టిలో' అనే రూపం విడిగా ఉంది. దాన్ని కూడా సర్వే ఆఫ్ ఇండియా ఉచితంగా ఇచ్చే సరిహద్దు పటంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

"అలాగైతే వాస్తవ పరిస్థితి చెప్పేదెలా?" అంటారు. చెప్పొచ్చు. బయటి గీత మొత్తం చట్టం ప్రకారం ఉంచండి. నియంత్రణ రేఖను, సుమారు 740 కిలోమీటర్లు, వేరే పొరగా, వేరే రంగులో, దాని పేరుతో వేయండి. వాస్తవాధీన రేఖను కూడా అంతే. అవతలి వైపు నేలకు 'పాకిస్తాన్ ఆక్రమణలో', 'చైనా ఆక్రమణలో' అని పేరు పెట్టి గళ్ల గీతలు వేయండి. చూసేవాడికి హక్కు ఏదో, అదుపు ఏదో రెండూ అందుతాయి. మన టీవీలు చాలావరకు రెండో పొర వేయవు. దాంతో గల్వాన్ వార్త విన్నవాడికి, పటం చూస్తే సరిహద్దు అంత దూరంలో ఉండగా గొడవ ఇక్కడెందుకు జరిగిందో అర్థం కాదు.

ఇప్పుడు మనం అనుకున్న అండమాన్ ప్రశ్నను పటాల మీద నడిపి చూపిస్తాను.

[తెర: విశాఖపట్నం, ఢిల్లీ, పోర్ట్ బ్లెయిర్, రంగూన్ చుక్కలు. మిగతా అంతా ఖాళీ.]

మొదటి పటంలో నాలుగు ఊళ్లు, మూడు దూరాలు, ఇంకేం లేదు. విశాఖ నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,360 కిలోమీటర్లు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,220. పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగూన్‌కు 700 లోపే. ఢిల్లీ కంటే దీవులే విశాఖకు దగ్గర, మనకంటే బర్మాయే దీవులకు దగ్గర. ఒకప్పుడు రంగూన్ వెళ్లిన కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ఎన్నో. వాళ్ల తాతలకు ఈ పటం నోటికి వచ్చు. ఇక్కడ చేయకూడని పని ఒకటే: చోటు చాలలేదని దీవులను కోసి మూల పెట్టెలో పెట్టడం. పెట్టెలో పెట్టిన మరుక్షణం దూరం చచ్చిపోతుంది, ఈ కథలో ఉన్నదే దూరం.

ఇంకో మాట, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు. కొత్త పేరు పైన, పాత పేరు కింద చిన్నగా వేయండి, గొంతుతో ఒక్కసారి చెప్పండి. దాని మీద అర నిమిషం గడపొద్దు.

[తెర: బంగాళాఖాతం నుంచి సింగపూర్ దాకా. ఓడల రాకపోకలు లేత గీతలుగా.]

రెండో పటంలో ఓడలు వస్తాయి. అరేబియా సముద్రం నుంచి శ్రీలంక కింది భాగం చుట్టి, గ్రేట్ నికోబార్‌కు, సుమత్రాకు మధ్య సందులోంచి మలక్కా జలసంధిలోకి దిగుతాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్‌కు, ఇండొనేషియా తొలి దీవి రోందోకు మధ్య 160 కిలోమీటర్లు అటూ ఇటూ. మూడో పటం దగ్గరికి పోవాలి, సింగపూర్ పక్కన ఫిలిప్స్ ఛానెల్. జలసంధి అక్కడ మూడు కిలోమీటర్ల లోపుకు ఇరుకైపోతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి రైలు రోడ్డు వంతెన కూడా సుమారు అంతే పొడవు. ఆ పోలిక చెప్పండి, స్కేలు బద్ద కంటే బాగా ఎక్కుతుంది.

నాలుగో పటంలో చైనా. ఆ ఇరుకు మూసుకుంటే తన చమురు ఆగుతుందన్నది దాని దిగులు. ప్రత్యామ్నాయంగా మయన్మార్ తీరంలో క్యాక్‌ప్యూ నుంచి తన యునాన్ రాష్ట్రానికి పైపులు వేసింది, 2013లో గ్యాస్, 2017లో చమురు మొదలయ్యాయి. ఇప్పుడు చూడండి, ఆ పైపు మొదలయ్యే చోటు మన దీవులకు ఎటు ఉంది? ఉత్తరాన. అంటే మలక్కాను తప్పించుకున్నా ట్యాంకర్ బంగాళాఖాతంలోకి రావాల్సిందే. ఈ మాట గొంతుతో చెప్పకండి. పైపు గీత గీసి నాలుగు సెకన్లు ఆగండి. చూసేవాడు తానే అనుకోవాలి. ఈ కార్యక్రమం కిటుకంతా ఇందులోనే ఉంది.

ఐదో పటంలో మన వైపు. 2001లో పెట్టిన త్రివిధ దళాల అండమాన్ కమాండ్, 2012లో క్యాంప్‌బెల్ బే దగ్గర మొదలైన నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ బాజ్, గలాథియా బే దగ్గర తలపెట్టిన ఓడరేవు. సరిగ్గా ఇక్కడ ఆగి ఏం వదిలేస్తున్నామో చూసుకోవాలి. ఓడలు, రేవులు, స్థావరాలు మాత్రమే ఉన్న పటంలో గ్రేట్ నికోబార్ ఖాళీ దీవి. అడవి పొర వేయండి, షోంపెన్ ఆదివాసుల ఆవాసం వేయండి, గలాథియా తీరంలో గుడ్లు పెట్టే పెద్ద సముద్రపు తాబేళ్ల చోటు వేయండి. అప్పుడు అదే దీవిలో ఖాళీ ఎంత తక్కువో తెలుస్తుంది. ఓడరేవు కావాలో వద్దో మీరు చెప్పనక్కర్లేదు. కానీ ఈ పొర తీసేసి పటం వేశారంటే మీరు చెప్పేసినట్టే. తీర రేఖ కూడా చూసుకోండి. 2004 డిసెంబర్ భూకంపానికి ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అంతకు ముందు గీసిన ఒడ్డు ఇప్పుడు నీళ్లలో ఉంది.

తెలుగు అక్షరాల గురించి చెప్పకపోతే మీరు ఇంటికెళ్లి నన్నే తిట్టుకుంటారు. మొదటిది, అను ఫాంట్లలో టైపు చేసిన పేర్లు పటం సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోనే పని మొదలుపెట్టండి. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు ఊడి పక్కన నిలబడతాయి. ఇంగ్లిష్ పటాల్లో సముద్రం పేరును అక్షరాల మధ్య ఎడం పెట్టి సాగదీస్తారు. తెలుగులో ఆ పని చేస్తే గుణింతం ఒకచోట, ఒత్తు ఒకచోట. సముద్రం పేరు కాస్త పెద్ద సైజులో, లేత రంగులో వేస్తే సరిపోతుంది. 'ఆస్ట్రాఖాన్' లాంటి మాటలో కింద రెండు ఒత్తులు పడతాయి, వాటి కింద నది గీత వచ్చిందంటే రెండూ కలిసిపోతాయి. పేరును గీతకు పైన పెట్టండి, చుట్టూ సన్నని తెల్ల అంచు ఇవ్వండి. 'హంబన్‌టోట'లో న-కార పొల్లు తర్వాత కనిపించని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది కాపీ చేసేటప్పుడు రాలిపోతే 'హంబన్టోట' అవుతుంది.

పేరును ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి కాదు, అక్కడివాళ్లు పలికేది విని రాయండి. షిన్‌జియాంగ్‌ను 'క్సిన్‌జియాంగ్' అని రాసిన పటాలు తెలుగులో బోలెడు. అయితే మన నోట నలిగిపోయిన పేర్లను సరిదిద్దబోకండి. రంగూన్ పక్కన యాంగాన్ అని వేయండి గానీ, రంగూన్ కొట్టేయొద్దు. పర్షియా సింధుశాఖ అంటే పాఠ్యపుస్తకం, గల్ఫ్ అంటే జగిత్యాల. మీ ప్రేక్షకుడు ఎవరో దాన్ని బట్టి.

రంగులు. పసుపు, గులాబీ, నీలం, కాషాయం, ఏ దేశానికి ఏది వేసినా మనవాళ్లు ముందు పార్టీ జెండా చూస్తారు. కింద కామెంట్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు. (నవ్వులు) దేశాలన్నిటికీ బూడిద రంగు, కథలో ఉన్నదానికి ఒక్కటే ముదురు రంగు. ఎరుపు, ఆకుపచ్చలను పక్కపక్కన ఎదురుబొదురుగా వాడకండి, ఆ రెండింటికీ తేడా తెలియని కళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు. గుండ్రని గుర్తులతో పరిమాణం చూపేటప్పుడు, సంఖ్య రెట్టింపయితే వ్యాసం రెట్టింపు చేయొద్దు. వైశాల్యం నాలుగింతలవుతుంది. వ్యాసాన్ని 1.4 రెట్లే పెంచండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

[సభ నుంచి: "సార్, మా ప్రేక్షకుల్లో నూటికి తొంభై మంది ఫోన్‌లోనే చూస్తారు, అదీ నిలువు తెర మీద. ఇన్ని పొరలు అందులో కనిపిస్తాయా?"]

కనిపించవమ్మా. ఆర్తే వాళ్లు మొదలుపెట్టింది గదిలో ఉండే టీవీ కోసం. మీరు అడ్డం పటాన్ని నిలువులోకి కోయకండి, కోస్తే విశాఖ ఉంటే సింగపూర్ పోతుంది. నిలువుకు వేరే పటం వేసుకోండి. పటంలో ఉత్తరం పైనే ఉండాలని రూలేం లేదు. అండమాన్ కథకు పటాన్ని తిప్పి, ఆగ్నేయం పైకి పెట్టి చూడండి. కింద విశాఖ, మధ్యలో దీవులు, పైన మలక్కా, నిలువు తెరలో సరిగ్గా సరిపోతుంది. పైగా విశాఖ ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తున్నవాడికి కనిపించే వరుస కూడా అదే. ఉత్తరం గుర్తు మాత్రం తప్పక పెట్టండి, "ఇప్పుడు పటం తిప్పుతున్నాం" అని చెప్పి, రెండు సెకన్లు తీసుకుని నిదానంగా తిప్పి చూపండి. పేర్లు తెరకు ఆరు దాటొద్దు. 1,080 వెడల్పు ఫ్రేములో తెలుగు అక్షరం 44 పిక్సెళ్లకు తగ్గొద్దు. ఎగుమతి చేశాక కంప్యూటర్‌లో చూసి బాగుందనుకోకండి. ఫోన్‌లోకి పంపించుకుని, మధ్యాహ్నం ఎండలో బయటికెళ్లి, చెయ్యి చాపి పట్టుకుని చదవండి. చదవలేకపోయిన పేరును తీసేయండి.